చప్పట్లలో పుట్టిల్లు: పంజాబీ గిద్ధా



నిరుడు 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమానికి మన ఏడో తరగతి అమ్మాయిలు పంజాబీ నృత్యం నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌కు జత రాష్ట్రం పంజాబ్, తెలంగాణకు జత రాష్ట్రం హర్యానా అని మీకు తెలుసు. సాధన మొదలైన రెండో రోజున ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నేను చేయను. ఇది మా డ్యాన్స్ కాదు" అంది.

"మరి మీ డ్యాన్స్ ఏది?" అని అడిగాను.

ఆ పాప చాలాసేపు ఆలోచించింది. పుట్టింది జామ్‌నగర్‌లో. ఒకటో తరగతి జోర్హాట్‌లో, నాలుగో తరగతి నాసిక్‌లో చదివింది. అమ్మమ్మ ఊరు తెనాలి దగ్గరే కానీ, అక్కడికి వెళ్ళేది వేసవి సెలవుల్లో మాత్రమే. పండుగలు ఏవీ ఆ సెలవుల్లో రావు. చివరికి "తెలీదు మేడమ్" అని తల దించుకుంది.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. నాకూ ఇది అయిదో ఊరు. ఈ పాఠం ఆ పాపకు నేను బాకీ పడిన జవాబు.

గిద్ధా అంటే ఏమిటి?

గిద్ధా పంజాబీ స్త్రీల జానపద నృత్యం. పంజాబ్ అనగానే మనకు భాంగ్రా గుర్తొస్తుంది. భాంగ్రా పుట్టుకతో మగవాళ్ళది. పంట చేతికొచ్చే వైశాఖీ రోజుల్లో పెద్ద ఢోల్ మోగుతుంటే చేసేది. గిద్ధా ఆడవాళ్ళది. దీనికి పెద్ద వాద్యాలు అక్కర్లేదు. ఒక చిన్న ఢోలకీ ఉంటే చాలు. అది లేకపోతే మంచినీళ్ళ కుండను బోర్లించి దానిమీద తాళం వేస్తారు. కుండ కూడా లేకపోయినా ఆట ఆగదు. ఎందుకంటే అసలు వాద్యం చప్పట్లు.

ఆట తీరు ఇలా ఉంటుంది. ఆడవాళ్ళంతా వలయంగా నిలబడతారు. ఒకామె ఒక చిన్న పాట అందుకుంటుంది. ఆ పాటను 'బోలీ' అంటారు. హిందీలో 'బోల్‌నా' అంటే మాట్లాడటం కదా, ఆ మూలం నుంచి వచ్చిన మాటే ఇది. బోలీ అంటే పలుకు. ఆమె బోలీ చెబుతుండగా మిగిలినవాళ్ళు మెల్లగా తాళం వేస్తూ వింటారు. చివరి చరణం రాగానే అందరూ ఒక్కసారి గొంతు కలుపుతారు. చప్పట్ల వేగం పెరుగుతుంది. అప్పుడు ఇద్దరు వలయం మధ్యలోకి దూకి, ఆ బోలీలోని సంగతిని అభినయిస్తూ గిరగిరా ఆడతారు. చరణం అయిపోగానే వాళ్ళు వెనక్కి వెళ్ళి వలయంలో కలుస్తారు. మరొకరు మరో బోలీ అందుకుంటారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఇందులో చూసేవాళ్ళు, ఆడేవాళ్ళు అని వేరుగా ఉండరు. ఇప్పుడు చప్పట్లు కొట్టే ఆమె మరుక్షణం మధ్యలో ఉంటుంది. రెండోది, వలయానికి ముందు వరస, వెనక వరస ఉండవు. పెద్దింటి కోడలైనా, కూలికి పోయే ఇంటి అమ్మాయి అయినా ఆ కాసేపూ పక్కపక్కనే నిలబడాలి.

పంజాబీలో గిద్ధా 'చేస్తారు' అనరు. గిద్ధా 'పాఉణా' అంటారు, అంటే వేయడం. బోలీ కూడా 'వేస్తారు'. మనం అడుగు వేస్తాం, తాళం వేస్తాం. వాళ్ళు పాటనే వేస్తారు.

తీయాఁ: ఒక మాట వెనక ప్రయాణం

గిద్ధా పెళ్ళిళ్ళలోనూ, బిడ్డ పుట్టినప్పుడూ ఉంటుంది. కానీ దాని అసలు ఋతువు శ్రావణం. వాళ్ళు 'సావణ్' అంటారు. మండే ఎండల తరవాత మొదటి వానలు పడి, పొలాలు పచ్చబడి, చెట్ల కొమ్మలకు ఉయ్యాలలు వేలాడే కాలం. శ్రావణ శుద్ధ తదియ నాడు మొదలై పౌర్ణమి దాకా సాగే ఆ పండుగ పేరు 'తీయాఁ'.

ఈ మాట చివర మీరు చూస్తున్న గుర్తు అరసున్న. తెలుగులో దీన్ని మనం రాయడం ఎప్పుడో మానేశాం. పాత పుస్తకాల్లో తప్ప కనబడదు. పంజాబీవాళ్ళు మాత్రం ఆ ముక్కుతో పలికే ధ్వనిని రోజూ పలుకుతూనే ఉన్నారు. మన బడిలో పంజాబీ పిల్లలు ఉంటే వాళ్ళచేత ఈ మాట పలికించి వినండి. అరసున్న ఎలా పలకాలో ఏ వ్యాకరణ పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. సంస్కృతంలో 'తృతీయ' అంటే మూడో తిథి. ఆ మాట ఉత్తరాదికి వెళ్ళి 'తీజ్' అయింది. పంజాబీలో పండుగ పేరై 'తీయాఁ' అయింది. మన దగ్గర 'తదియ' అయింది, ఇంకా అరిగి 'తద్ది' అయింది. అట్లతద్ది గుర్తొచ్చిందా? ఆశ్వయుజ బహుళ తదియ నాడు తెల్లవారుజామునే లేవడం, గోరింటాకు, ఉయ్యాలలు, ఆటపాటలు, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అట్లు. అక్కడ శ్రావణంలో గోరింటాకు, ఉయ్యాలలు, ఆటపాటలు, ఖీరూ, మాల్‌పూడాలూ. నెల వేరు, పిండివంట వేరు. తిథి పేరు ఒకటే, చెట్టుకు వేలాడే ఉయ్యాలా ఒకటే.

తీయాఁ పండుగ ఆ ఊరి కోడళ్ళది కాదు, ఆ ఊరి ఆడపడుచులది. పెళ్ళయి వేరే ఊళ్ళకు వెళ్ళిన అమ్మాయిలు శ్రావణంలో పుట్టింటికి వస్తారు. మన దగ్గర కొత్త పెళ్ళికూతురు ఆషాఢంలో పుట్టింటికి రావడం లాంటిదే ఇది. పంజాబీలో పుట్టింటిని 'పేకే' అనీ, అత్తవారింటిని 'సహురే' అనీ అంటారు. గిద్ధా బోలీలలో ఈ రెండు మాటలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కలేదు. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్ళు ఏడాదికి ఒకసారి, ఊరి బయట చెట్ల కింద మళ్ళీ కలుస్తారు. ఏడాదిపాటు దాచుకున్న కబుర్లన్నీ ఆ వలయంలో విప్పుతారు. పౌర్ణమి నాడు అన్నదమ్ములకు రాఖీ కడతారు. తరవాత ఎవరి ఊరికి వాళ్ళు.

నేను చూసిన గిద్ధా

నాకు భటిండాకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు జులై నెల. నాకు పంజాబీ ఒక్క ముక్క రాదు. సామాను విప్పని పెట్టెల మధ్య కూర్చుని, ఈ ఊళ్ళో ఎవరితో మాట్లాడాలా అనుకుంటూ ఉండేదాన్ని. పక్క క్వార్టర్‌లో ఒక జవాను తల్లి ఉండేవారు. పెద్దావిడ. అందరూ ఆమెను 'బీజీ' అనేవారు. ఒక ఆదివారం ఆమె మా తలుపు తట్టి, "పుత్తర్, మా ఊళ్ళో తీయాఁ. నాతో రా" అన్నారు. వస్తావా అని అడగలేదు. రమ్మన్నారు, అంతే.

ఆ ఊళ్ళో చెరువు పక్కన రావిచెట్టు కింద యాభై మంది దాకా ఆడవాళ్ళున్నారు. పసిపిల్లల నుంచి పళ్ళు ఊడిన ముసలమ్మల దాకా. కొందరి భుజాల మీద పూల్‌కారీ దుపట్టాలు. ముతక ఖద్దరు బట్ట మీద మెరిసే పట్టుదారంతో, బట్ట వెనక వైపు నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టే పని అది. నన్ను వలయంలోకి లాగారు. నేను చప్పట్లు కొట్టాను. తప్పు చోట కొట్టాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పు. అందరూ నవ్వారు. బీజీ నా చెయ్యి పట్టుకుని ఆపి, "ముందు చెవులతో కొట్టు పుత్తర్, తరవాత చేతులతో" అన్నారు. రెండు బోలీలు ఊరికే విన్నాను. మూడోదానికి తాళం కుదిరింది.

కాసేపటికి ఇద్దరు చిన్నపిల్లలు మధ్యలోకి వచ్చారు. ఎదురెదురుగా నిలబడి, చేతులు కత్తెరలా మెలివేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి, ఒళ్ళు వెనక్కి వాల్చి గిర్రున తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళు దాన్ని 'కిక్లీ' అంటారట. నా నోట మాత్రం "ఒప్పులకుప్ప!" అని గట్టిగా వచ్చేసింది. అంతా నావైపు తిరిగారు. "మీ దగ్గరా ఉందా?" అని బీజీ అడిగారు. ఉందని మాటల్లో చెప్పే ఓపిక లేక, పక్కనున్న అమ్మాయి చేతులు పట్టుకుని తిరిగేశాను. మా అమ్మమ్మ ఇంటి వాకిట్లో తిరిగినట్టే. కళ్ళు తిరిగి కూలబడింది కూడా అప్పటిలాగే! భటిండాలో నాకు మొదటి స్నేహితులు ఆ సాయంత్రమే దొరికారు.

బోలీ ఏం చెబుతుంది?

ఆ సాయంత్రమే ఇంకొకటి చూశాను. బీజీ వంతు వచ్చింది. ఆమె ఒక పాత బోలీ వేశారు. భర్తను పట్టాళానికి తీసుకుపోయే రైలుబండిని తిట్టిపోసే బోలీ అది. మొదట అందరూ నవ్వారు. చివరి చరణానికి వచ్చేసరికి చప్పట్లు మాత్రమే వినిపించాయి, నవ్వులు లేవు. బీజీ కొడుకు అప్పుడు సరిహద్దులో ఉన్నాడు. ఆమె పక్క క్వార్టర్‌లో రెండేళ్ళున్నాను. కొడుకు గురించి బెంగగా ఉందని ఆమె ఒక్కసారి కూడా అనగా వినలేదు. ఆ ఒక్క బోలీలో తప్ప.

గిద్ధా చేసే అసలు పని ఇదే. పాతకాలపు పల్లెల్లో కోడలు అత్తగారి ఎదుట గొంతెత్తి మాట్లాడకూడదు. ముసుగు తీయకూడదు. భర్త పేరు పలకకూడదు. కానీ వలయంలో నిలబడి బోలీగా వేస్తే ఏదైనా అనవచ్చు. అత్త సాధింపు, ఆడపడుచు పోలికలు, మరిది కొంటెతనం, దూరాన పెళ్ళి చేసిన నాన్న మీద అలక, అమ్మ మీద బెంగ, అన్నీ అందులో ఉంటాయి. 'ఎందుకలా అన్నావు?' అని ఎవరూ నిలదీయలేరు. 'నేనెక్కడ అన్నాను? బోలీ అంది' అంటే సరిపోతుంది. బోలీ రాసిన మనిషి పేరు ఉండదు కాబట్టి, దాన్ని ఎవరైనా తన మాటగా వాడుకోవచ్చు. మన దిగుడుబావుల దగ్గర, దంపుళ్ళ దగ్గర, నాట్లు వేసే మళ్ళల్లో ఆడవాళ్ళు పాడుకున్న పాటలూ ఈ పనే చేశాయి.

బోలీలు చరిత్రను కూడా దాచాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పంజాబ్ నుంచి లక్షల మంది సైన్యంలో చేరారు. వాళ్ళ పేర్లు రికార్డుల్లో ఉంటాయి. ఇళ్ళలో ఎదురుచూసిన భార్యల మాటలు ఉండవు. అవి బోలీలలో ఉన్నాయి. 1947లో పంజాబ్ రెండు దేశాల మధ్య చీలిపోయింది. ఆ భాష, ఆ పాటలు మాత్రం గీతకు ఇటూ అటూ మిగిలాయి.

ఇలాంటి పాటలు గాలికి పోకుండా పట్టుకున్న మనిషి ఒకరున్నారు. పేరు దేవేంద్ర సత్యార్థి. 1908లో పంజాబ్‌లో పుట్టారు. చదువు మధ్యలో వదిలేసి, దేశమంతా తిరుగుతూ జానపద గీతాలు సేకరించారు. 1936లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'గిద్ధా'. మన తెలుగు పాటలకు ఆచార్య బిరుదురాజు రామరాజు గారు ఇలాంటి సేవ చేశారు. పాట పాడేవాళ్ళు ఎంత ముఖ్యమో, విని రాసిపెట్టేవాళ్ళూ అంత ముఖ్యం.

వలయం స్టేజి ఎక్కితే

ఇప్పుడు గిద్ధాను కళాశాలల యువజనోత్సవాల్లో, గణతంత్ర దినోత్సవాల్లో స్టేజి మీద చూస్తున్నాం. దానివల్ల మేలు జరిగింది. ఊరు వదిలిన ఆడపిల్లలు కూడా గిద్ధా నేర్చుకుంటున్నారు. కెనడాలో, ఇంగ్లండులో స్థిరపడిన పంజాబీ కుటుంబాలు కూడా శ్రావణం వస్తే హాలు అద్దెకు తీసుకుని తీయాఁ జరుపుకుంటున్నాయి.

కానీ స్టేజి ఎక్కితే కొన్ని మారతాయి. వలయం విచ్చుకుని ప్రేక్షకుల వైపు తిరిగిన అర్ధచంద్రాకారం అవుతుంది. పది నిమిషాల్లో ముగించాలి కాబట్టి ఏ బోలీ ఎప్పుడో ముందే రాసిపెట్టుకుంటారు. అప్పటికప్పుడు మాట కట్టే అవకాశం ఉండదు. మన బడిలోనూ అదే చేశాం. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి, దానికి పిల్లల చేత అడుగులు వేయించాం. చప్పట్లు కూడా రికార్డులోవే! ఆ పాప 'ఇది మా డ్యాన్స్ కాదు' అన్నదంటే అందులో ఆమె తప్పు లేదు. ఆమె చేతికీ, గొంతుకూ అందులో పని లేదు.

చేతులు తగ్గితే

పెద్ద తరగతుల పిల్లలు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. 2001 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 798 మంది ఆడపిల్లలే ఉన్నారు. ఆడపడుచుల కోసం ఏకంగా పండుగ పెట్టుకున్న నేల మీదే, ఆడపిల్ల పుట్టకుండా చేసిన ఇళ్ళూ ఉన్నాయన్న మాట. 2011 నాటికి ఆ సంఖ్య 846కు పెరిగింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ పదేళ్ళలో ఆడపిల్లల నిష్పత్తి తగ్గింది. కాబట్టి వేలెత్తి చూపే హక్కు మనకు లేదు.

గిద్ధా ఒక్కరు ఆడే ఆట కాదు. వలయం కట్టాలంటే చేతులు కావాలి. తమ ఇళ్ళల్లో ఆడపిల్లలను తగ్గించుకున్న సమాజానికి గిద్ధా వేసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? ఈ ప్రశ్న పంజాబ్‌లోనే వినబడుతోంది. అందుకే ఇప్పుడు చాలా చోట్ల తీయాఁను 'ధీయాఁ' పండుగ, అంటే కూతుళ్ళ పండుగ అని ప్రత్యేకంగా చెప్పి జరుపుతున్నారు.

దేశమంతా ఒక వలయం

మీరు ఏ ఊరికి బదిలీ అయినా అక్కడి ఆడవాళ్ళ ఆటను ఒకసారి గమనించండి. తెలంగాణలో తంగేడు, గునుగు పూలు పేర్చి, చుట్టూ చప్పట్లతో తిరిగే బతుకమ్మ. ఆంధ్రలో ధనుర్మాసపు గొబ్బి. తమిళనాడులో కుమ్మి. కేరళలో దీపం చుట్టూ ఆడే తిరువాతిరకళి. రాజస్థాన్‌లో ఘూమర్. గుజరాత్‌లో గర్బా, 2023లో యునెస్కో జాబితాలో చేరినది. వేషం, భాష, దేవత వేరు. వలయం మాత్రం అన్నిచోట్లా ఉంది. వీటిలో చాలావాటికి చప్పట్లే తాళం. చప్పట్లకు డబ్బు ఖర్చు కాదు, వాద్యం మోసుకుపోనక్కర్లేదు. పెళ్ళయి ఊరు మారిన అమ్మాయి తనతో తీసుకెళ్ళగలిగే వాద్యం అదొక్కటే. బదిలీల మీద తిరిగే మనకూ అంతే.

మన తరగతి బోలీ

ఆ పాప మాట విన్న మర్నాడు పెన్‌డ్రైవ్ పక్కన పెట్టాం. తరగతిలో బల్లలు జరిపి వలయంగా నిలబడ్డాం. బీజీ నాకు చెప్పినట్టే 'ముందు చెవులతో' అని చెప్పాను. తరవాత, "మీరు ఎవరికీ చెప్పని మాట ఒకటి బోలీగా కట్టండి. తెలుగులోనే" అన్నాను. చాలామంది హోంవర్కును తిట్టారు. ఒకడు మెస్‌లో రోజూ పెట్టే సొరకాయ కూరను తిట్టాడు. ఆ పాప చివరగా ముందుకొచ్చి ఇలా వేసింది:

లారీ వచ్చె గేటు ముందు, లారీ వచ్చె గేటు ముందు,
పెట్టె ఎక్కె, మంచమెక్కె, సైకిలెక్కె నాకన్నా ముందు,
అన్నీ ఎక్కె లారీలోన, నేస్తమొకతె గేటు ముందు!

చివరి చరణం మేమంతా మూడుసార్లు పాడాం. ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ గదిలో లారీ ఎక్కనివాళ్ళు లేరు. కార్యక్రమం రోజున అమ్మాయిలు రెండు పంజాబీ బోలీలు, ఈ తెలుగు బోలీ వేశారు. చప్పట్లు వాళ్ళవే. ఒకచోట తాళం తప్పింది, దిద్దుకున్నారు.

మార్చిలో ఆ పాప వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. టి.సి. తీసుకోవడానికి వచ్చినప్పుడు నన్ను కలిసి, "మేడమ్, అక్కడ ఏ డ్యాన్స్ ఉంటుందో?" అని అడిగింది. "మా డ్యాన్స్ కాదు" అనలేదు.

అమ్మా, నిరుడు నువ్వు తల దించుకున్న ప్రశ్నకు ఇదీ నా జవాబు. నువ్వు ఏ వలయంలో నిలబడి, చెవి పెట్టి విని, నీ చేతులతో తాళం కలిపావో అది నీ ఆటే. గొబ్బి నీదే, గిద్ధా నీదే. రేపు నీ కొత్త ఊరి ఆటా నీదే.

కొత్త మాటలు

గిద్ధా: పంజాబీ స్త్రీల వలయ నృత్యం
బోలీ: గిద్ధాలో పాడే చిన్న పాట, పలుకు
తీయాఁ: శ్రావణ శుద్ధ తదియ నుంచి జరిగే ఆడపడుచుల పండుగ
పేకే, సహురే: పుట్టిల్లు, అత్తవారిల్లు
పూల్‌కారీ: పట్టుదారంతో పూలు కుట్టిన బట్ట
కిక్లీ: ఒప్పులకుప్ప

ఆలోచించండి, చేయండి

1. 'తృతీయ' అనే మాట తెలుగులో, పంజాబీలో ఎలా మారిందో రాయండి. ఇలా మారిన మరో రెండు మాటలు మీ హిందీ, తెలుగు పుస్తకాల్లో వెతకండి.
2. నేరుగా చెప్పలేని మాటను బోలీలో ఎందుకు చెప్పగలిగేవారు? మీ సొంత మాటల్లో వివరించండి.
3. గిద్ధా స్టేజి ఎక్కినందువల్ల కలిగిన ఒక లాభం, ఒక నష్టం రాయండి.
4. మీ అమ్మమ్మనో నానమ్మనో ఫోన్‌లో అడిగి, వాళ్ళు చిన్నప్పుడు ఆడిన ఒక ఆటపాట రాసుకుని రండి. పాట ఏ ఊరిదో, ఏ పండుగకు పాడేవారో కూడా రాయండి.
5. మీ తరగతిలో మరో రాష్ట్రం నుంచి వచ్చిన స్నేహితురాలిని 'ఒప్పులకుప్ప'ను వాళ్ళు ఏమంటారో అడగండి. పేరు రాసుకున్నాక, ఇద్దరూ కలిసి ఒకసారి తిరగండి. నెమ్మదిగా!